నూకాలు విసిరికొట్టిన తెడ్డు

అనగనగా ఏటి మధ్యన ఒక లంక. లంక నిండా చిట్టడవి. ఆ అడవిలో ఒక కుందేళ్ల ఉమ్మడి కుటుంబం ఉండేది. పిల్లాపెద్దా కలిసి పద్నాలుగు మంది. పెత్తనం పెద్దాయన గవర్రాజుది. చాకిరీ ఆయన తమ్ముడి భార్య నూకాలుది. లంకలో గడ్డి ఎప్పుడో అయిపోయింది. రోజూ దోనె వేసుకుని అవతలి ఒడ్డుకెళ్లి, అందరికీ గడ్డి కోసుకొచ్చేది ఆవిడే.

ఒకరోజు ఆ పాత దోనె అడుగు ఊడిపోయింది. లంకలో పడవకు పనికొచ్చే మాను ఒక్కటే మిగిలింది. పడవలు చేసే వడ్రంగిపిట్ట వచ్చి, మాను చుట్టూ తిరిగి చూసింది.

"ఇంటిల్లిపాదీ కూర్చునే పెద్ద పడవైనా అవుతుంది, గడ్డి తెచ్చుకునే చిన్న దోనె అయినా అవుతుంది. రెండూ కావు. ఏది చెయ్యమంటారు?" అని అడిగింది.

"పెద్దదే!" అన్నాడు గవర్రాజు మీసం దువ్వుతూ. "పెళ్లిళ్లకీ పేరంటాలకీ అందరం ఒక్క పడవలో దిగాలి. ఏట్లో ఉండే ఆ నీటికుక్కలు చూసి కుళ్లుకోవాలి!"

"బావగారూ, పెద్ద పడవ నా ఒక్కదాని వల్ల కాదండీ. అవతలి ఒడ్డున గడ్డి ఉన్న పాయలో నీళ్లు మోకాలి లోతే. చిన్నది చాలండీ," అంది నూకాలు.

"నీకేం తెలుసమ్మా, ఊరుకో. కుటుంబం కోసమే కదా చెప్తున్నాను!"

మిగతా పెద్దవాళ్లంతా అవునవునని తలలూపారు. నూకాలు మొగుడు కూడా! పిల్లలూ, నాకు ఒళ్లు మండేది ఇక్కడే. కుటుంబంలో నూకాలు లేదా?

చివరికి పెద్ద పడవే తయారైంది. మొదటి రోజు అందరూ పడవెక్కి షికారు కొట్టారు. తెడ్డు వేసింది నూకాలు. చేతులు బొబ్బలెక్కాయి.

రెండో రోజు పడవ పాయలోకి వెళ్లలేదు. అడుగు ఇసకలో కూరుకుపోయింది. నూకాలు బురదలో దిగి, మోపులు ఒక్కొక్కటే మోసుకొచ్చింది. "ఇంత ఆలస్యమా?" అని గవర్రాజు విసుక్కున్నాడు. సిగ్గుండాలి!

మూడో రోజు ఎదురుగాలి. అంత పడవను ఆవిడ ఒక్కతే తిప్పలేకపోయింది. ఏరు ఆవిడతో సహా దాన్ని ఎటో లాక్కుపోయింది. పొద్దువాలే వేళకు నూకాలు ఎలాగో పడవను లంక ఒడ్డుకు చేర్చి, ఒట్టి చేతులతో ఇల్లు చేరింది. పసికూనలు ఆకలికి గుక్కపట్టి ఏడుస్తున్నాయి.

"గడ్డేదీ? పిల్లల్ని మాడ్చి చంపుతావా?" అని గవర్రాజు గుడ్లురిమాడు.

నూకాలు తెడ్డు తెచ్చి ఆయన కాళ్ల ముందు విసిరికొట్టింది.

"మాడుస్తున్నది మీ డాబు! పెద్ద పడవ కావాలన్నది మీరు. పట్టండి తెడ్డు! రేపటి నుంచి గడ్డి మీరే తెండి. ఆ రోజు తలలూపినోళ్లంతా కూడా దిగండి. నేను పిల్లల దగ్గరుంటాను!"

పసివాళ్లకు ఆ పూట పస్తే.

తెల్లారగానే గవర్రాజు తెడ్డు పట్టాడు. పదిసార్లు వేసేసరికి ఆయాసం వచ్చింది. పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. నీటికుక్కలు కడుపు పట్టుకుని నవ్వాయి. ఇంకో మూడు తెడ్లు చెక్కించి, నలుగురు కలిసి వేస్తే గాని అది కదల్లేదు. పాయ దగ్గర బురదలో దిగి, మోపు నెత్తికెత్తుకుని, "చిన్నది చేయించాల్సింది" అని గొణిగాడు గవర్రాజు.

మాను అయిపోయింది. ఇంకేం చేయిస్తాడు? ఇప్పటికీ ఆ పడవతో తంటాలు పడేది వాళ్లే. "తప్పయిందమ్మా" అని గవర్రాజు రెండుసార్లు అన్నాడు. నూకాలు కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. తగ్గక్కర్లేదు కూడా.

నీతి: పని ఎవరి చేతుల మీద నడుస్తుందో, ముందు వాళ్ల మాట వినాలి.