కల్లు తనిఖీ

ఏ రాజు కాలమో గానీ, ఉప్పలపేటలో కల్లు దుకాణాలకు అమీను పెట్టిన హుకుములు రెండు. నీళ్లు కలిపితే దుకాణానికి తాళం. మత్తెక్కినవాడికి మళ్లీ పోసినా తాళమే.

రోజూ తనిఖీకొచ్చే ఆ అమీను కోదండపాణి ఓనాడు ఈరమ్మ దుకాణంలో మూడు ముంతలు లాగించి, "ఒట్టి నీళ్లే ఈరమ్మా, ఎక్కితేగా! ఇంకో ముంత పొయ్యి, లేదా తాళం వేయిస్తా" అన్నాడు.

ఈరమ్మ నవ్వు చెదరలేదు. కాగితం, కలం, సిరాబుడ్డి తెచ్చి ముందు పెట్టింది. "ఎక్కలేదన్న మాటే రాసివ్వండి దొరా, తాళం నేనే వేసుకుంటా."

కోదండపాణి దర్జాగా కలం తీసి, ముంత అడుగున మిగిలిన కల్లులో ముంచాడు. తాగేవాళ్లంతా చూశారు.

"ఎక్కింది దొరా" అంది ఈరమ్మ మెత్తగా. "అంటే కల్లు అసలుదే. ఎక్కినవాళ్లకి పొయ్యొద్దని మీ హుకుమే కదా."

మర్నాటినుంచి అమీనుగారి తనిఖీ వాసన చూడ్డంతోనే సరి.