హూప్ వినబడని మధ్యాహ్నాలు

మద్దిమెట్ట అడవిలో ముసలి సింహం పోయాక మరో రాజు రాలేదు. ఎలుగుబంటి పక్షం, అడవిపంది పక్షం కలిసి ఏలుతున్నాయి. కలవక తప్పదు కూడా. అడవి ఉమ్మడి తిండి దాచే గుహకి అడ్డంగా పెద్ద బండ ఉంది. ఒకవైపు ఎలుగు, మరోవైపు పంది భుజం పెడితేనే అది దొర్లుతుంది. ఎవరూ ఒంటరిగా దోచుకోకూడదని సింహం చేసిన ఏర్పాటది. ఇద్దరికీ పడకపోతే ఏమవుతుందో సింహం ఆలోచించలేదు. ఎవరితోనైనా సర్దుకుపోవాల్సిన అవసరం దానికెప్పుడూ రాలేదు మరి.

ఆ వేసవిలో ఇద్దరికీ పడలేదు. వానాకాలానికి ఇప్పపువ్వు ఎక్కువ దాచాలని ఎలుగు, దుంపలు ఎక్కువ దాచాలని పంది. మాటా మాటా పెరిగి ఇద్దరూ భుజాలు పక్కకి తీశారు. బండ కదలడం మానేసింది.

దానివల్ల వాళ్ళకి కలిగిన ఇబ్బందేమీ లేదు. ఎలుగు పుట్టలు తవ్వుకున్నాడు, పంది నేల పెళ్ళగించుకున్నాడు. ఇబ్బంది, చెట్టెక్కి పులి రాకని కనిపెట్టే కాపలా కొండముచ్చులకి వచ్చింది. కాపలా చెట్టుకి ఆకు ఉండకూడదు, ఉంటే చూపు ఆనదు. ఆకు లేని చెట్టు మీద తిండి దొరకదు. అందుకే వాటి తిండి గుహలోంచి వచ్చేది. ఇప్పుడది ఆగిపోయింది.

కాపలాకి పెద్ద సోమక్క. ఆమె కింది కొమ్మ మీద ఉండే గంగులు ఆ పొద్దున ఆకలికి కళ్ళు తిరిగి పడిపోయాడు. కుంటుకుంటూ మళ్ళీ పైకెక్కి, "దిగిపోదాం సోమక్కా" అన్నాడు. "మనం దిగితే ఆ బండ ఇట్టే దొర్లుతుంది."

"దొర్లుతుంది. ఈలోగా పులి వస్తే?"

"రానీ. మన విలువేమిటో అప్పుడు తెలుస్తుంది."

"ఎవరిని కరిస్తే తెలుస్తుంది, ఎలుగునా?" సోమక్క మడుగు వైపు చూపించింది. అక్కడ జింక వదిన కొత్తగా ఈనిన కూనకి నిలబడడం నేర్పుతోంది. కూన లేస్తోంది, పడుతోంది. "పులికి ముందు అందేది అది. మన విలువ దాని ప్రాణంతో తూయిస్తావా?"

"మరి దిగకపోతే మనం చస్తాం. దానికేమంటావు?"

సోమక్క కూన మీంచి చూపు తిప్పి అడవి అంచు వైపు చూసింది.

అంతలో నక్కబావ మోదుగుపూల దండ పట్టుకుని వచ్చాడు. ఎలుగూ పందీ కూర్చునే సభకి సలహాలు చెప్పేదీ, సభ మాట మోసేదీ అతనే. "సోమక్కా, సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. మీది ఆగకూడని సేవ."

"ఏకగ్రీవంగానా? అయితే ఇద్దరికీ ఒక విషయంలోనైనా పడిందన్నమాట" అన్నాడు గంగులు.

"గౌరవానికి ఎవరు అడ్డు చెబుతారు బావా?"

గంగులు దండ అందుకుని తినేశాడు. "చేదుగా ఉంది మీ గౌరవం" అన్నాడు.

నక్క నవ్వి, చెట్టు కిందే ఉన్న సభ రాతి చూరులోకి వెళ్ళాడు. మధ్యాహ్నం ఎలుగూ పందీ అక్కడే చెరో మూలా పడుకుంటారు. ఎలుగు అడగడం సోమక్కకి పైనుంచి వినబడింది. "వాళ్ళు దిగిపోతే ఎలా?"

"దిగరు మామా. సోమక్కకి జాలి ఎక్కువ. జాలి ఉన్నవాళ్ళు పని మానరు. మీరు తీరిగ్గా పోట్లాడుకోండి."

పంది కూడా గురక లాంటి నవ్వు నవ్వాడు. అప్పుడు అలవాటు కొద్దీ సోమక్క నోట్లోంచి "హూప్" అన్న కూత రాబోయింది. మధ్యలో ఆపేసింది.

కాపలావాళ్ళకి రెండు కూతలున్నాయి. పులి కనబడితే దగ్గినట్టుగా "ఖెక్". అది అడవి అందరిదీ. పులి లేకపోతే, అప్పుడప్పుడూ "హూప్". అది సింహం మధ్యాహ్నం నిద్ర కోసం మొదలైన ముచ్చట. సింహం పోయినా ముచ్చట పోలేదు, సభవాళ్ళకి దక్కింది. జింకలు దాన్ని చెవిన పెట్టవు, వాటికి మధ్యాహ్నం నిద్ర లేదు.

సోమక్క కిందికి దిగి జింక వదినకి సంగతి చెప్పింది. "పులి వస్తే ఎప్పట్లాగే దగ్గుతాం. రాలేదని మాత్రం ఇకనుంచి చెప్పం."

"ఆకలికి నిద్రపోయారో ఏమో, నాకెలా తెలుస్తుంది?"

"మా తోకలు చూడు. మెలకువగా ఉన్నంతసేపూ ఊపుతూనే ఉంటాం. మడుగు దగ్గర్నుంచి కనబడుతుంది. ఆ చూరు కింద పడుకున్నవాళ్ళకి కనబడదు."

మర్నాడు మధ్యాహ్నం చూరు కింద నిశ్శబ్దం. ఎలుగు ఒక కన్ను తెరిచాడు. "హూప్ ఏదీ?"

"ఖెక్ లేదుగా మామా. అది లేదంటే పులి లేనట్టే" అన్నాడు నక్క.

"లేదా కాపలావాడు పడిపోయినట్టు" అన్నాడు పంది. "నిన్న ఒకడు పడ్డాడట కదా."

"తిండి లేకపోతే పడరా మరి" అనేశాడు ఎలుగు. అన్నాక ఆ మాట తనకే మింగుడు పడలేదు.

ఆ మధ్యాహ్నం ఎవరూ పడుకోలేదు. తరవాతి మధ్యాహ్నాలూ అంతే. ఎండుటాకు కదిలితే ఎలుగు లేచేవాడు, ఎలుగు లేస్తే పంది పరిగెత్తేవాడు. మడుగులో జింకలు నింపాదిగా నీళ్ళు తాగుతుంటే నక్కకి వింతగా ఉండేది. జింక వదినని అడిగితే, "మాకు భయం లేదు బావా, కాపలా ఉందిగా" అనేది.

చివరికి నక్క కళ్ళ కింద నలుపుతో చెట్టు దగ్గరికి వచ్చాడు. "ఇది ధర్మం కాదు సోమక్కా. ఆగకూడని సేవ ఆపకూడదు."

"ఆపలేదే. నువ్వు చెప్పింది నిజమే బావా, మాకు జాలి ఎక్కువ. అందుకే ఖెక్ ఆపలేదు. మీ నిద్ర సంగతి మీ తీర్మానంలో లేదు."

"హూప్ కూడా ఆగకూడని సేవేనని ఇంకో తీర్మానం చేస్తాం."

"చేయండి. దండ మాత్రం ఈసారి ఇప్పపూలతో కట్టించు" అన్నాడు గంగులు.

ఇప్పపూలు గుహలో ఉన్నాయి. ఆ సాయంత్రం ఎలుగు అటు, పంది ఇటు భుజం పెట్టారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. బండకి మొహాలతో పని లేదు, దొర్లింది.

తిండి పంచాక కూడా సోమక్క హూప్ అనలేదు. "ఏటేటా మీ పోట్లాట మొదలుకాక ముందే మా తిండి ఈ చెట్టు మొదట్లో పెట్టించండి. తరవాత ఎన్నాళ్ళయినా పోట్లాడుకోండి" అంది. ఎలుగు ఆవులిస్తూ సరేనన్నాడు. పంది అప్పటికే నిద్రలోకి జారుతున్నాడు. నక్క ఒక్కడే కూర్చుని, కాపలావాళ్ళ జాలి ఎంతవరకో ముందే ఎందుకు అడగలేదా అని ఆలోచించాడు.

మడుగు దగ్గర జింక కూన నిలబడింది. సోమక్క దాన్ని చూసి, అప్పుడు అంది "హూప్" అని.

ఒక పని ఆగకూడదని ఒప్పుకున్నవారు, ఆ పని చేసేవారి తిండి కూడా ఆగకూడదని ఒప్పుకోవాలి.