కత్తుల పంక్తి

ఆ కోటలో అందరికీ ఒకే గుండిగ, ఒకే గరిటె. మధ్యాహ్నం డప్పు మోగగానే రాజు మొదలు బంట్రోతు దాకా పంక్తుల్లో కూర్చునేవారు. యుద్ధాల్లో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న ముసలి సిపాయిలది కడపంక్తి.

ఆ పంక్తిలో ఒంటికాలి సిపాయి ఒకడుండేవాడు. పక్కనే చూపు పోయిన అతని నేస్తం. ఒకడు దారి చెబితే ఒకడు భుజం ఇచ్చేవాడు.

ఏటా గరిటె ఎవరు పట్టాలో సభ చేతులెత్తి తేల్చేది; పట్టినవాణ్ణి గరిటె పెద్ద అనేవారు. ఒక ఏడు, కడపంక్తివాళ్లతో కలిసి యుద్ధం చేసినవాడే ముందుకొచ్చి, "అన్నా, నేను మీవాణ్ణి," అన్నాడు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే అనుకుని, ఆ పంక్తిలో చేతులున్నవాళ్లంతా చేతులెత్తారు. వాళ్లు చేసిన పొరపాటు అదొక్కటే.

అబద్ధమెందుకు, మొదట్లో అతను గరిటె నిండుగానే పెట్టాడు. తర్వాత కత్తుల వ్యాపారులు చెవిలో చేరారు. "కత్తి పస్తుంటే కోట నిలుస్తుందా?" అన్నారు. మర్నాటి నుంచి ముందు పంక్తిలో కత్తులకు విస్తళ్లు పడ్డాయి. కత్తి నెయ్యన్నం తింటుందా, అడగడానికి సిగ్గుండాలి గానీ! వెనక కూర్చున్న వ్యాపారి తిన్నాడు. పోనుపోను, ఇంకా కొలిమి మొహం చూడని కత్తులకు కూడా విస్తళ్లు వేశారు. ఏటేటా గరిటె మాత్రం చెయ్యి మారలేదు.

గుండిగ కడపంక్తికి వచ్చేసరికి అడుగు మాడు మిగిలేది. ఆ కోటలో విస్తరి ముందు నుంచి లేచినవాడికి మళ్లీ వడ్డించకూడదు. కడపంక్తి భోజనం అయ్యేదాకా మిగతావాళ్లు లేవకూడదు. ఈ ఆచారంలోంచే ఒక ఉపాయం లాగాడు గరిటె పెద్ద. గుండిగ కింద పెట్టి, గొంతు గద్గదం చేసుకుని, "వీళ్ల వల్లే మనం ఈ ముద్ద తింటున్నాం! వీరులారా, ఒక్కసారి లేవండి!" అనేవాడు. వాళ్లు లేచేవారు. సభ చప్పట్లు కొట్టేది. లేచారు కనుక వాళ్ల భోజనం అయిపోయినట్టే. మొదటిరోజు ఒంటికాలి సిపాయి కళ్లు చెమర్చాయి కూడా.

రోజూ ఇదే వరస. ఒకనాడు ఆ చప్పట్ల మధ్య చూపు పోయిన నేస్తం లేస్తూ లేస్తూ కూలిపోయాడు. "జబ్బేం లేదు, ఆకలి. కడుపులోకి అన్నం పోకపోతే దక్కడు," అన్నాడు వైద్యుడు.

మర్నాడు ఒంటికాలి సిపాయి ఒక్కడే వచ్చాడు. రెండు విస్తళ్లు వేసుకుని రెండింటి మీదా నీళ్లు చల్లాడు.

"వీరులారా, లేవండి!"

కడపంక్తిలో మిగతావాళ్లంతా లేచారు. అతను లేవలేదు.

"అన్నా, లే. సభ చూస్తోంది."

"చూడనీ. నేను లేవను. రెండింట్లోనూ పెట్టు."

"గుండిగ ఖాళీ అన్నా. అర్థం చేసుకో."

"ఖాళీ చేసింది నేనా? ఎక్కడ పెట్టావో అక్కణ్ణుంచి ఎత్తుకురా. ఈ కాలు పోకముందు నిన్ను భుజాన వేసుకుని మోశానురా. బరువని దించానా?"

చప్పట్లు ఆగిపోయాయి. రాజు లేవబోయి, ఆచారం గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాడు. గరిటె పెద్ద ముందు పంక్తికేసి చూశాడు. కత్తుల విస్తళ్లు నిండుగా ఉన్నాయి. వ్యాపారులు వాటిని చల్లగా తమ దగ్గరికి లాక్కున్నారు. అతను చూపు తిప్పుకున్నాడు.

గుమ్మం దగ్గర కాపలా సిపాయిలు ఇదంతా చూస్తున్నారు. వాళ్లలో ఒకడు తన కాళ్లకేసి ఓసారి చూసుకున్నాడు. లోపలికి వచ్చి, బల్లెం గోడకు ఆనించి, "కాస్త జరుగు తాతా," అంటూ కడపంక్తిలో కూర్చున్నాడు. వెనకే మరొకడు వచ్చాడు. ఆ వెనక మిగిలినవాళ్లంతా వచ్చారు.

"ఏయ్! గుమ్మం ఎవరు చూస్తారు?" అని అరిచాడు గరిటె పెద్ద.

"కత్తులున్నాయిగా. అన్నం తిన్నవే చూస్తాయి," అన్నాడు కాపలావాడు.

కోట తలుపు బార్లా తెరిచి ఉంది. ముందు పంక్తిలోంచి ఒక్క కత్తీ లేవలేదు.