తెర తీసి ఉందా, వేసి ఉందా?

ఇంగ్లీషు దొరలు మన గడ్డ మీద కచేరీలు పెట్టుకున్న కాలమది. ఒకానొక సంస్థానంలో వీరనరేంద్ర బహదూరు అని ఒక రాజుండేవాడు. కొత్తగా ఇంగ్లీషు నేర్చుకున్నాడు. నేర్చుకున్నవాడు ఊరుకుంటాడా నాయనా! తీర్పులన్నీ తానే ఇంగ్లీషులో రాసేవాడు. వాటిని తెలుగు చేసి జనానికి చదివి వినిపించడం దుబాసీ కామోజీ పని.

ఒక శనివారం రాజుగారు వరదరాజస్వామి గుడికి ఆలస్యంగా వెళ్లాడు. అప్పటికే స్వామివారి ఆరగింపు అయిపోయింది. వంటశాల వెనక అరుగు మీద కూర్చుని వంటస్వామి అప్పలాచార్యులు పొంగలి ప్రసాదం తింటున్నాడు. రాజుగారికి ఒళ్లు మండింది. "నేను రాకముందే తిండా!" అని గద్దించి, తన కోసం మళ్లీ గంట కొట్టించి, మళ్లీ హారతి ఇప్పించుకుని వెళ్లాడు. వెళ్లి తీర్పు రాశాడు.

మర్నాడు కొలువులో కామోజీ ఆ కాగితం విప్పాడు. "వంటవాడు పొంగలి తిన్నాడు. దేవుడికి పొంగలి పెట్టాడు. కాబట్టి ఊరు విడిచిపోవాలి."

అప్పలాచార్యులు పరుగున ముందుకొచ్చాడు. "స్వామికి పెట్టకుండా ఒక్క మెతుకు ముట్టానా కామోజీ గారూ? ఊరొదలమంటే వదుల్తాను. ఈ నింద మోసుకుని ఎక్కడికి పోను?"

కామోజీ రాజుగారి వైపు తిరిగాడు. ఎంత అన్యాయం! స్వామి ఆరగించాక తింటే ప్రసాదం, ముందే తింటే మహాపాపం. ఈ తీర్పు వింటే ఆచార్యులు ముందే తిన్నాడనుకోరూ! ఆ ముందూ వెనకా చెరిపేసి ఒక మనిషి బతుకు తుడిచేస్తారా?

"ప్రభూ, రెండు పనులు గడిచిపోయినప్పుడు, ముందు ముగిసినదానికి దొరలు 'హ్యాడ్' అని తగిలిస్తారు. స్వామి ఆరగింపుకు ఆ హ్యాడ్ చేర్చండి."

"ఏమయ్యా దుబాసీ, నాకే పాఠమా? గడిచిందంతా గడిచిందే! ఏది ముందైతే ఏమిటి? ఆ తుమ్ములాంటి మాట నా ఇంగ్లీషులో ఉండదు, ఫో!"

కామోజీ కాగితం మడిచేశాడు. కోపం మాత్రం మడతపడలేదు.

ఆ మధ్యాహ్నం విందులో తానే వడ్డిస్తానని వేడుకుని, రాజుగారి వెండిపళ్లెంలో ఒక పెద్ద బూరె పెట్టాడు. రాజు చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తే, అంచున సగం చందమామలాంటి గాటు!

"ఎంగిలి! ఎవడ్రా కొరికింది?"

"ఎవరో కొరికారు, తమకు పెట్టారు అనుకోండి ప్రభూ. రెండూ గడిచినవే. ఆరగించండి."

"నోర్ముయ్! నాకు పెట్టకముందే కొరికాడు కదా!"

"అమ్మయ్య!" అన్నాడు కామోజీ చేతులు జోడించి. "ఆ 'ముందే' కోసమే ప్రభూ పొద్దుటి నుంచీ మొత్తుకుంటున్నాను. మీ నోటి దగ్గరికి వచ్చేసరికి ముందూ వెనకా పుట్టుకొచ్చాయి. ఆచార్యుల మెడ మీదికి వచ్చినప్పుడు లేవా?"

కామోజీ అక్కడితో ఆగలేదు.

"నిన్న తమరు గుళ్లో అడుగుపెట్టేసరికి గర్భగుడి తెర వేసి ఉందా, తీసి ఉందా?"

రాజు ఆలోచించాడు. "తీసే ఉంది. స్వామి కళకళలాడుతూ కనిపించాడు. హారతి పళ్లెంలో కర్పూరం మసి కూడా..." మాట సగంలో ఆగిపోయింది. తెర వేసి ఆరగింపు చేస్తారు, అయ్యాకే తీస్తారు. ఆ సంగతి గుడికెళ్లే పసివాడికీ తెలుసు.

"అంటే... నేను వచ్చేసరికి స్వామి ఆరగించేసి ఉన్నాడు!"

"హ్యాడ్, ప్రభూ."

రాజు బూరె వంక చూశాడు, కామోజీ వంక చూశాడు. "ఇంతకీ దీన్ని కొరికిందెవడయ్యా?"

"ఎవరూ కొరకలేదు. గరిటె అంచుతో నేనే కోశాను. తమకు ఎంగిలి పెడతానా!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. తీర్పు చింపేశాడు. తన భుజం మీది శాలువా తీసి కామోజీకి కప్పి, ఆచార్యులను సకల మర్యాదలతో వంటశాలకు పంపించాడు.

మరుసటి శనివారం ఆచార్యులు పొంగలి గిన్నెతో రాజుగారి ముందు నిలబడ్డాడు. "ఏమయ్యా, స్వామికి పెట్టావా?" అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

ఇంగ్లీషు ముక్క రాని ఆ ముసలాయన తల నిటారుగా ఎత్తి గట్టిగా అన్నాడు: "హ్యాడ్!"

స్వామి ముందు, మనం తరవాత. ఆ వరుస తప్పనివాళ్లందరికీ ఆ వేడి పొంగలి దక్కుగాక.