చాలమ్మ పక్కకు తిరిగిన కథ

ఎర్రవంక ఊరు దాటి అర మైలు నడిస్తే గుట్ట మలుపులో చాలమ్మ తల్లి గుడి కనిపిస్తుంది. గుడి వాకిలి తూర్పుకే ఉన్నా, లోపలి రాతి విగ్రహం మాత్రం కొత్తపాయ ఊరికి పోయే కాలిబాట వైపు తిరిగి ఉంటుంది. హారతి ఇచ్చే పూజారి సైతం ఓ పక్కకు జరిగి నిలబడవలసిందే. తొలిసారి వచ్చిన భక్తులు ఇదేమిటని తప్పక అడుగుతారు.

పూర్వం ఇక్కడ అమ్మవారిని గుట్టమ్మ అని పిలిచేవారు. ఏటా ఉగాది మరునాడు ఎర్రవంక, కొత్తపాయ పిల్లలు గుడి ముందు చెడుగుడు ఆడేవారు. గెలిచిన ప్రతి పట్టుకూ నేల మీద ఒక గీటు గీసేవారు. పొద్దు వాలేదాకా ఆట ఆపరాదన్నది ఆనాటి కట్టడి. ఎర్రవంక పిల్లలకు ఆట నేర్పినవాడు కంబగిరి. అతని కొడుకు ఓబులేసే జట్టు నాయకుడు.

ఒక ఏడు ఆటకు ముందురోజు మధ్యాహ్నం కంబగిరి కునుకు తీస్తుండగా అమ్మవారు కలలో కనిపించి, "నా ముందు ఆడే బిడ్డలు మనసు విరిగి నాకు వీపు చూపి పోతే, వాళ్ల వెంటే నేనూ పోతాను" అన్నది. మెలకువ వచ్చేసరికి అతనికి ఒళ్లంతా చెమట. ఈ మాట చెబితే తన పిల్లల ఊపు తగ్గుతుందేమోనని ఎవరికీ చెప్పలేదు.

మరునాడు కొత్తపాయ జట్టును చూడగానే అతని గుండె జారింది. కరువు వల్ల ఎదిగిన పిల్లలంతా మందలతో అడవికి పోగా, పదీ పదకొండేళ్లవాళ్లు ఏడుగురు వచ్చారు. వాళ్ల నాయకుడు మద్దిలేటి. పొద్దు నడినెత్తికి రాకముందే ఎర్రవంక వైపు ఇరవై రెండు గీట్లు పడ్డాయి. ఎదుటివైపు ఒక్కటీ లేదు. జనం ఈలలు వేస్తున్నారు. కంబగిరికి మాత్రం ఒక్కో గీటూ గుండెల మీద గీసినట్టుంది. గుడి వైపు చూస్తాడు, ఆ చిన్నవాళ్ల మొహాలు చూస్తాడు, మళ్లీ గుడి వైపు చూస్తాడు. ఉండబట్టలేక, మెల్లగా ఆడమని కొడుక్కి సైగ చేశాడు.

ఓబులేసు దాన్ని మరోలా తీసుకున్నాడు. కూతకు వచ్చిన మద్దిలేటి వేలు తగిలీ తగలకముందే, ఓడిపోయినట్టు నటిస్తూ తానే వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకున్నాడు. జనం విరగబడి నవ్వారు.

మద్దిలేటి కూత ఆపేశాడు. "ఇంతసేపూ పడేసినారు, పడినాం. ఈ ఎగతాళి ఎందుకు?" అన్నాడు. తనవాళ్లను తీసుకుని బాట పట్టాడు. అదే క్షణాన గుడిలోంచి పూజారి కేక వినిపించింది. "అమ్మ కదుల్తాంది! రాయి తిరుగుతాంది!"

"చాలు! చాలు!" అని అరుస్తూ కంబగిరి పరుగెత్తి పిల్లలకు అడ్డంగా నిలబడ్డాడు. రొప్పుతూనే కల సంగతి చెప్పాడు. గీట్లన్నీ చెరిపేస్తాను, వెనక్కి రమ్మని బతిమాలాడు.

"మా మీద జాలా మామా?" అని అడిగాడు మద్దిలేటి.

"జాలి కాదు నాయనా, భయం. నిన్ననే చెప్పాల్సిన మాట దాచుకున్నా. మీరు పోతే అమ్మ పోతుంది. వచ్చే ఏడు మా పిల్లోళ్లు ఎవురితో ఆడుకుంటారు?"

మద్దిలేటి వెనుదిరిగి నేల మీది గీట్లకేసి చూశాడు. "గీట్లు చెరపొద్దు. ఓడింది ఓడిందే. జట్లు కలుపుకొని కొత్తగా గీసుకుందాం. మీ ఓబులేసు నా పక్కన ఆడాల."

ఓబులేసు తల వంచుకుని వచ్చి అతని పక్కన నిలిచాడు. మద్దిలేటి మళ్లీ కూతకు బయలుదేరినప్పుడు మాత్రం, "ఊపిరి చాలకుంటే ఎనక్కి వచ్చెయ్. నేనుండా" అన్నాడు.

రాయి తిరిగినంత మేరకే ఆగింది. దాన్ని సరిచేయవద్దని కంబగిరే పూజారిని వేడుకున్నాడట. నాటి నుంచి గుట్టమ్మ చాలమ్మ అయింది.

నేటికీ ఉగాది మరునాడు ఇక్కడ ఆట సాగుతుంది. తేడా పది గీట్లకు చేరితే గెలిచే జట్టులో ఎవరో ఒకరు "చాలు" అనాలి. అప్పుడు జట్లు కలిసిపోతాయి. పెద్దలు గుర్తు చేయడం నిషిద్ధం. ఆటకు జంకే పిల్లలకూ, గెలుపు తలకెక్కిన పిల్లలకూ తల్లిదండ్రులు ఇక్కడ కుంకుమ పెట్టిస్తారు. అమ్మ దయవల్ల ఇద్దరికీ మనసు కుదుటపడుతుందని నమ్మకం. తేడా పదికి చేర్చే గీటు పడగానే మైదానమంతా నిశ్శబ్దమవుతుంది. పూజారి మొదలు పసిబిడ్డనెత్తుకున్న తల్లి దాకా అందరూ ఊపిరి బిగబట్టి ఆ పిల్లల పెదవుల వైపే చూస్తారు. ఇంతవరకు ఏ ఏడూ ఆ మాట రాకుండా పోలేదు.