పూలటోపీ కింద చెవులు

కరీబియన్ సముద్రానికి ఎదురుగా ఒక కాఫీ కొండ. కొండపైన పచ్చికబీడు తెల్లగుర్రాలది. కిందనున్న రాళ్లదొడ్డి గాడిదలదీ, కోళ్లదీ. నడుమ ఒక కంచె. దాన్ని ఎవరు వేశారో ఏ జంతువుకూ గుర్తులేదు గాని, దాటకూడదని మాత్రం అన్నిటికీ తెలుసు.

కింది దొడ్డిలో కనేలా అనే కంచరగాడిద ఉండేది. కనేలా అంటే అక్కడి మాటలో దాల్చినచెక్క. ఒంటి రంగూ అదే. తండ్రి పేరు బెనీతో; నల్లగాడిద, తోటకు నీళ్లు మోసిమోసి మోకాళ్లు అరిగినవాడు. తల్లి పెర్లా పైబీడులో తెల్లగుర్రం. ఒక వానాకాలం కంచె విరిగినప్పుడు పెర్లా కిందికి దిగివచ్చింది. కంచె బాగుపడ్డాక ఆ సంగతి పైన ఎవరూ ఎత్తలేదు. పుట్టిన పిల్ల పాలు మరిచిన రోజునే దాన్ని కిందికి తోలేశారు.

అయినా కనేలాకు తల్లి వాసన గుర్తుంది. సాయంత్రం కొండగాలి దిగితే మేత వదిలేసి ముట్టె ఎత్తి నిలబడేది.

"ఆ చెవులు చూశారా?" అనేవి గుర్రాలు.

"గుర్రాలమ్మ కూతురు, మనం పిలిస్తే పలుకుతుందా?" అని గాడిదలు మూతి తిప్పేవి.

రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో కనేలాను అడిగితే చెప్పేది. తండ్రి మాత్రం, "మెడ పట్టేస్తుందే తల్లీ, కాస్త గడ్డి తిను" అనేవాడు.

కోళ్లగూడు కూడా ఆ దొడ్డిలోనే. ఒకసారి నక్క గూట్లో మూతి పెట్టబోయి, కనేలా తన్నిన ఒక్క తన్నుకు ఆరునెలలు కుంటింది. అందుకే ఈసారి దాని కాళ్ల జోలికి పోకుండా మనసు జోలికి పోయింది. ఊళ్లో పండగ రేపనగా కంచె అవతల కూర్చుని నిట్టూర్చింది.

"అమ్మాయ్, నీ ముక్కు అచ్చం పెర్లాదే. ఇంత అందం ఈ రాళ్లలో మగ్గిపోతుంటే నా కడుపు తరుక్కుపోతోంది."

"నీ కడుపు సంగతి నాకు తెలుసులే."

"తెలిస్తే మంచిదే. రేపు గుర్రాలన్నీ ఊరేగింపుకు పోతున్నాయి. మీ అమ్మ కూడా."

కనేలా నమలడం ఆపింది. "అయితే? నన్నెవరు రానిస్తారు?"

"ఆ బిరుసు జూలుకు కొబ్బరినూనె పట్టించి అణిచెయ్. పండక్కి అందరూ పూలటోపీలు పెట్టుకుంటారు, చెవులు అందులో దోపెయ్. తండ్రెవరంటే దూరదేశపు గుర్రమని చెప్పు. గట్టిగా మాత్రం అరవకు. సగం సకిలింపు, సగం ఓండ్ర. ఆ గొంతు వింటే ఎవరైనా పట్టేస్తారు."

నక్క మాటలో మాయ ఉందని తెలుసు. అయినా ఆశ ఊరుకోదు కదా. తెల్లారేసరికి కనేలా జూలు నిగనిగలాడుతోంది, టోపీ బిగుసుకుంది.

"ఒక్కపూటే నాన్నా."

తండ్రి ఆ టోపీని ముట్టెతో తడిమాడు. "చెవులు నొప్పెట్టడం లేదా?"

"కొంచెం."

"సరే. మీ అమ్మ కనిపిస్తే, నేను బాగున్నానని చెప్పు."

పండగని కంచె తలుపులన్నీ తీసే ఉన్నాయి. కొండదారిలో వరసకట్టిన గుర్రాల్లోకి కనేలా చేరింది. ముందున్న పెద్ద మగగుర్రం ఎగాదిగా చూసింది.

"మీ నాన్నెవరు?"

"దూరదేశపు గుర్రం."

"రంగు కాస్త తగ్గినా జూలు మెత్తనే. ఫరవాలేదు, మంచి సంబంధం చూస్తే మూడు తరాల్లో తెల్లబడతారు. నడువు."

కనేలా మెల్లగా పెర్లా పక్కకు చేరింది. అదే వాసన.

"అమ్మా."

పెర్లా తల తిప్పలేదు. "ఇక్కడ అలా పిలవకు. నిన్ను గెంటేస్తారు, నన్నూ గెంటేస్తారు. పక్కన నడువు, చాలు."

"నాన్న బాగున్నానని చెప్పమన్నాడు."

పెర్లా అడుగు ఒకటి తడబడింది. నాలుగడుగులు పోయాక కాస్త పక్కకు జరిగి, కూతురి భుజానికి భుజం ఆనించి నడిచింది. ఆ దారి ఊరిదాకా కాదు, సముద్రం దాకా ఉంటే బాగుండుననుకుంది కనేలా.

అంతలో కింది నుంచి ఓండ్ర వినిపించింది. మామూలు ఓండ్ర కాదు, గొంతు చీరుకుపోతున్నట్టుంది.

"ఎవరిదా గావుకేక?" అంది పెద్దగుర్రం. "గాడిదకేం తెలుసు గంధపు వాసన? పండగపూటా ఏడుపే."

గుర్రాలన్నీ నవ్వాయి.

"విననట్టు నడువు," అంది పెర్లా గొంతు తగ్గించి.

కనేలా ఆగిపోయింది. తల్లి భుజం ముందుకు సాగి, తన భుజానికి చల్లగాలి తగిలింది.

"మా నాన్నది," అంది.

తల విదిలించింది. టోపీ దుమ్ములో పడింది. చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి. సగం సకిలింపు, సగం ఓండ్ర, ఉన్న గొంతంతా పెట్టి "వస్తున్నా నాన్నా" అని అరిచి కొండ దిగి దౌడు తీసింది.

మిగతా గాడిదలు పండగ మూటలు మోస్తూ ఊళ్లోకి పోయాయి. దొడ్డిలో తండ్రి ఒక్కడే గూటి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. ముంగాళ్ల నిండా కాట్లు, రక్తం. నక్క తీరిగ్గా ఉంది. అది లెక్కేసుకునే వచ్చింది: ముసలిగాడిద ఎంతసేపు నిలబడుతుంది, గాడిదకూతురు వస్తే గిస్తే ఎంతసేపు పడుతుంది అని. దొడ్డి గోడకూ గూటికీ నడుమ సందులో నిలబడి, వెనక గిట్టల చప్పుడు వినిపించాకే తిరిగిచూసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఇంత తొందరగా ఎలా వచ్చావ్?" అంది నక్క.

"పరుగు మా అమ్మది," అని కనేలా వెనక్కి తిరిగి నిలబడింది. "తన్ను మా నాన్నది."

గోడ అవతల పడ్డ నక్క మళ్లీ ఆ కొండ ఎక్కలేదు.

మధ్యాహ్నానికి గుర్రాలు తిరిగొచ్చాయి. కనేలా తండ్రి కాళ్లు నాకుతోంది. వరసలోంచి పెర్లా ఒక్కతే కంచె దగ్గర ఆగింది.

"రా అమ్మా," అంది కనేలా.

పెర్లా కంచె మీద మెడ ఆనించింది. దాటలేదు. పైనుంచి పిలుపొచ్చేదాకా అలాగే నిలబడి, తర్వాత వెళ్లిపోయింది. ఆ తెల్లని వీపు మిగతా తెల్లని వీపుల్లో కలిసిపోయేదాకా తండ్రీకూతుళ్లిద్దరూ చూస్తూ ఉండిపోయారు.

సగం పుట్టుకను దాచుకున్నవారికి మిగతా సగమూ దక్కదు.