నిద్రమ్మకి మూడడుగుల చోటు

దుప్పటి మెడదాకా లాక్కో. కాళ్ళు చాపుకో, నా పొట్టమీద మాత్రం వెయ్యకు. ఆఁ, అలాగ. ఇంక చెబుతున్నా.

అనగనగా కాలవ పక్కన ఒక ఊళ్ళో ఒక పెంకుటిల్లు ఉండేదిట. ఆ ఇంట్లో మనుషులు ముగ్గురే గానీ సామాన్లు మాత్రం మూడు వేలు. నాన్న పేరు అబ్బులు, అమ్మ పేరు శేషారత్నం, పిల్ల పేరు తాయారు. తాయారుకి నీ అంత వయసు, నీ అంత జుట్టు. నీకున్నంత అల్లరి మాత్రం లేదులే.

శేషారత్నం ఏదీ పారేసేది కాదు. చిల్లుపడ్డ చెంబు కనిపిస్తే, "ఉండనీవే, పనికొస్తుంది," అనేది. చెవి విరిగిన జాడీ చూసినా అదే మాట. ఆఖరికి పళ్ళు రాలిపోయిన దువ్వెనని కూడా గూట్లో దాచింది. అది ఎవరి తలకి పనికొస్తుందో ఆవిడకే తెలియాలి.

దానికి తోడు మూడేళ్ళ కిందట వాళ్ళమ్మ పోయింది. అంటే తాయారు వాళ్ళ అమ్మమ్మ అన్నమాట. ఆవిడ సామానంతా రెండు బళ్ళమీద ఈ ఇంటికే వచ్చింది. శేషారత్నం దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా తన మంచమ్మీదే పేర్చుకుంది.

అప్పుడేమయింది? ఆ ఇంట్లో పడుకోడానికి చోటు లేకుండా పోయింది. నాన్న అరుగుమీద పడుకునేవాడు. తాయారు వడ్లబస్తాలమీద ముడుచుకునేది. అమ్మేమో గోడకి చేరగిలబడి కూచునేది. వాళ్ళమ్మ పోయిన దగ్గర్నుంచీ ఆవిడ నడుం వాల్చిందే లేదు. పిలిస్తే పలికేది గానీ ఎక్కడో కాలవ అవతలినుంచి పలికినట్టుండేది.

తాయారుకి ఒకటే కోరిక. అమ్మ పక్కలో పడుకోవాలి. అమ్మ కొంగు వేలికి చుట్టుకుని, అమ్మ జోకొడుతుంటే కళ్ళు మూసుకోవాలి. ఆ పిల్లకి ఇంకేమీ అక్కర్లేదు పాపం.

ఒకరోజు దీపాలు పెట్టేవేళ తాయారు గుమ్మంలో కూచుంది. వీధిలో ఎవరో ముసలావిడ నడిచి వస్తోంది. అడుగు పడుతోంది, చప్పుడు లేదు. మునిమాపు మబ్బులాంటి చీర, చంకలో ఒక మూట. ఆవిడ ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంట్లో పిల్లలు ఆవులిస్తున్నారు. ఎవరనుకున్నావు? నిద్రమ్మ! మూటలో ఉన్నవి కలలు.

నిద్రమ్మ వీళ్ళ గుమ్మందాకా వచ్చింది. కాలెత్తింది. పెట్టడానికి చోటు లేక మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"లోపలికి రా మామ్మా," అంది తాయారు.

"ఎక్కడికి రమ్మంటావే తల్లీ? మూడేళ్ళబట్టి వస్తున్నాను, పోతున్నాను. నాకు మూడడుగుల చోటు చాలు. ఒకటి గుమ్మంలో, ఒకటి గదిలో, ఒకటి మీ అమ్మ మంచమ్మీద. ఆ మూడూ చూపించిననాడు వస్తాను." ఆ మాట చెప్పి నిద్రమ్మ పక్కింటికి వెళ్ళిపోయింది.

పారేద్దామంటే అమ్మ ఒప్పుకోదని తాయారుకి తెలుసు. అందుకని పారేద్దామనలేదు. మర్నాడు పొద్దున్నే గుమ్మంలో గుట్టపడి ఉన్న చిల్లు బక్కెట్లు, చొట్ట డబ్బాలు చూపించి, "ఇవి ఎప్పుడు పనికొస్తాయమ్మా?" అని అడిగింది.

"ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి."

"అయితే ఇవాళే పనిలో పెడదామా?"

శేషారత్నం కాదనలేకపోయింది. తల్లీకూతుళ్ళు వాటినిండా మట్టి నింపి పెరట్లో వరసగా పెట్టారు. చిల్లు ఉంటే మరీ మంచిది, నీళ్ళు నిలవవు. ఒకదాంట్లో కొత్తిమీర, ఒకదాంట్లో బచ్చలి, ఒకదాంట్లో కనకాంబరం వేశారు. గుమ్మంలో ఒక అడుగు చోటు దొరికింది.

ఆ తర్వాత గది. గదినిండా పాతబట్టల మూటలు. తాయారు వీధి చివర బొంతలు కుట్టే గవరమ్మని పిలుచుకొచ్చింది. గవరమ్మ మూట విప్పి చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఇన్ని మెత్తటి బట్టలు చీకటికొట్లో పెట్టుకున్నావేంటమ్మా శేషారత్నం? వీటితో పదిళ్ళ పిల్లలకి బొంతలు కుట్టొచ్చు."

పదిళ్ళ పిల్లలు అనేసరికి శేషారత్నం మనసు కరిగింది. గవరమ్మ మూడుసార్లు తిరిగి మూటలన్నీ మోసుకుపోయింది. గదిలో ఎర్రగచ్చు బయటపడింది. తాయారు చేతులు చాచి మధ్యలో గిర్రున తిరిగింది. అమ్మ నవ్వబోయి ఆగింది.

ఇంక మిగిలింది మంచం. "దాని జోలికి మాత్రం రాకు," అంది శేషారత్నం. అక్కడ ఏ ఉపాయమూ పారలేదు.

ఒకరోజు అమ్మ బట్టలుతకడానికి కాలవకి వెళ్ళింది. ఒక్కటే, ఒక్క వస్తువే తీద్దామని తాయారు మంచం దగ్గరికి వెళ్ళింది. ఒక మూల మూతికి గుడ్డ కట్టిన నల్లకుండ కనిపించింది. గుడ్డ విప్పితే లోపల ఏముంది? బూడిద! ఆ పిల్లకి నవ్వొచ్చింది. అమ్మ బూడిద కూడా పారెయ్యదు కాబోలు అనుకుంది. అనుకోదూ మరి? దువ్వెన సంగతి చూశాం కదా.

బూడిద మొక్కలకి మంచిదని అమ్మే ఎన్నోసార్లు చెప్పింది. అందుకని తాయారు కుండని పెరట్లోకి మోసుకెళ్ళి, దడి పక్కన పాదులో గుమ్మరించి, పుల్లతో బాగా కలిపేసింది. కుండ తోమి బోర్లించింది. అమ్మ వచ్చి మెచ్చుకుంటుందని ఎదురుచూస్తూ కూచుంది.

శేషారత్నం వచ్చింది. బోర్లించిన కుండని చూసింది. చేతిలో తడిబట్టలు జారి మట్టిలో పడ్డాయి.

"ఇందులో బూడిద ఏదే?"

"పాదులో పోశానమ్మా. మొక్కలకి మంచిదిగా."

అది వట్టి బూడిద కాదు బంగారూ. ఆ రోజుల్లో పురుగు పట్టకుండా విత్తనాలని బూడిదలో కలిపి దాచేవారు. పైకి కనిపించలేదు గానీ ఆ కుండలో ఉన్నవి బీరగింజలు. తాయారు వాళ్ళ అమ్మమ్మ పోయేముందు తన చేత్తో ఎండబెట్టి ఇచ్చిన గింజలు. మూడేళ్ళూ శేషారత్నం ఒక్క గింజ భూమిలో వెయ్యలేదు. వేస్తే అయిపోతాయి, ఇంక అమ్మ చేతివి ఉండవని ఆవిడ భయం.

శేషారత్నం కూతుర్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పాదు దగ్గర కూలబడి వేళ్ళతో మట్టి కెలికింది. మట్టీ నల్లగానే ఉంది, గింజా నల్లగానే ఉంటుంది, ఒక్కటీ దొరకలేదు. తాయారు వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. "నాకు తెలీదమ్మా, నాకు తెలీదు," అని ఏడ్చింది. "నీకు తెలీదులే," అంది అమ్మ. అని, మళ్ళీ వెళ్ళి గోడకి చేరగిలబడింది. ఆరోజునుంచి పిలిచినా పలకడం మానేసింది.

తాయారు రోజూ పాదుకి నీళ్ళు పోసేది. ఒక వాన పడింది, ఏమీ రాలేదు. రెండో వాన పడింది, గడ్డి వచ్చింది. "మూడేళ్ళ గింజలు కదమ్మా, పుచ్చిపోయుంటాయిలే," అన్నాడు అబ్బులు. అయినా ఆ పిల్ల నీళ్ళు పోయడం మానలేదు.

మూడో వాన రాత్రంతా కురిసి తెల్లారగట్ల వెలిసింది. తాయారు వెళ్ళి చూస్తే గడ్డి పక్కన ఒక్కటంటే ఒక్క మొలక! రెండు లేతాకులు, వాటి నెత్తిన ఊడీ ఊడని నల్లటి గింజపెంకు.

"అమ్మా! అమ్మమ్మ గింజ వచ్చింది!"

శేషారత్నం గబగబా వచ్చి, మట్టిలోనే చతికిలబడి ఆ మొలకని చూసింది. ముందు నవ్వింది. తర్వాత వెక్కి వెక్కి ఏడ్చింది. మూడేళ్ళ ఏడుపు ఒక్కసారి ఏడ్చేసింది.

"మా అమ్మ దాచుకోమని ఇవ్వలేదే తాయారూ," అంది కళ్ళు తుడుచుకుని. "వేసుకోమనే ఇచ్చింది. నాకే చేతులు రాలేదు."

అప్పుడు శేషారత్నం లేచి, కొంగు నడుముకి దోపి, మంచం దగ్గరికి వెళ్ళింది. ఎవరూ చెప్పకుండా తనే ఒక్కొక్కటీ దించింది. పెట్టె ఒకరికి, పీట ఒకరికి, తిరగలి ఒకరికి ఇచ్చి పంపింది. అన్నీ ఇచ్చెయ్యలేదులే. వాళ్ళమ్మ కళ్ళజోడు దేవుడి గూట్లో పెట్టుకుంది. దళసరి ఇత్తడిగిన్నె ఒకటి చేతిలో పట్టుకుని చాలాసేపు తుడిచింది.

"ఇది దిబ్బరొట్టి గిన్నె. మా అమ్మ ఇందులో కాల్చిన రొట్టె నువ్వు తినలేదు కదూ. నీకు ఊహ తెలీదు అప్పటికి. ఉండు."

మినప్పప్పు నానబోసింది. రుబ్బింది. బియ్యపు రవ్వ కలిపింది. గిన్నెలో నూనె వేసి, పిండి మందంగా పోసి, మూతపెట్టి, మూతమీద కొబ్బరిచిప్పల నిప్పులు పరిచింది. అబ్బులు నిప్పులు సర్దుతానని వచ్చి వేలు కాల్చుకుని, చెవి పట్టుకుని గెంతాడు. కిందా నిప్పే, పైనా నిప్పే, మధ్యలో రొట్టె నెమ్మది నెమ్మదిగా పొంగింది. మూత తీసేసరికి పైన ఎర్రగా అట్టు కట్టింది, లోపల దూదిలా ఉంది.

ముగ్గురూ ఎర్రగచ్చుమీద కూచుని, బెల్లం పాకంలో ముంచుకుని తిన్నారు. ఎంత కమ్మటి వాసనో! వీధి చివరదాకా వెళ్ళింది. మధ్యాహ్నపు ఎండలో ఎక్కడో చెట్టుకింద కూచున్న నిద్రమ్మ ముక్కుకి అది తగిలింది. ఆవిడ మూట చంకన పెట్టుకుని పట్టపగలే బయల్దేరింది. ఒక అడుగు గుమ్మంలో వేసింది. ఒక అడుగు గదిలో వేసింది. మూడో అడుగు మంచమ్మీద వేసింది.

శేషారత్నానికి ఇంత ఆవులింత వచ్చింది. "కాస్త నడుం వాలుస్తానే," అని మంచమ్మీద పక్కకి ఒత్తిగిలి పడుకుంది.

తాయారు చేతులైనా సరిగ్గా కడుక్కోకుండా పరుగెత్తి వెళ్ళి అమ్మ పక్కలో దూరింది. కొంగు వేలికి చుట్టుకుంది. అమ్మ జోకొడుతుందని చూసింది. చూసింది, చూసింది, అమ్మ చెయ్యి కదల్లేదు. తలెత్తి చూస్తే అమ్మ అప్పటికే నిద్రపోయింది. నిద్రలో ఆవిడ మొహం చిన్నపిల్ల మొహంలా ఉంది.

అప్పుడు తాయారు లేచి కూచుంది. తన చిన్న చెయ్యి అమ్మ వీపుమీద వేసి, మెల్లిగా, మెత్తగా జోకొట్టింది.

"అమ్మా," అని పిలిచింది శేషారత్నం నిద్రలో. ఆవిడ ఎవర్ని పిలిచిందో తాయారుకి తెలుసు.

"ఇక్కడే ఉన్నాను, పడుకో," అంది తాయారు.

కథేమో కంచికి బయల్దేరింది,
కునుకేమో మా బంగారు కంటికి చేరింది.